ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే చూసి ఎముక బలం అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవాళ్ళు జారిపడి తుంటి విరిగితే ఆసుపత్రిలో త్వరగానే వినపడే మాట, "ఎముక బాగా గుల్లబారింది" అని. ఎక్స్‌రే చూసి ఆ మాట ఎలా అన్నారు, ఎంతవరకు నమ్మాలి, దానివల్ల ఆపరేషన్‌లో ఏం మారుతుంది అని థియేటర్ బయట నిలబడ్డ కుటుంబాలు అడుగుతుంటాయి. ఆర్థోపెడిక్స్‌లో కొత్తగా చేరిన పీజీలు కూడా దాదాపు ఇవే అడుగుతారు, అందుకే ఇద్దరికీ పనికొచ్చేలా రాశాను. ఎక్కువ భాగం తుంటి గురించే ఉంటుంది, భుజం, మణికట్టు మధ్యలో వస్తాయి.

ఎముక సాంద్రత చూడటానికి డెక్సా స్కాన్ ఉంది కదా, ఎక్స్‌రే చూసి అంచనా వేయడం ఎందుకు?

టైమ్ ఉండదు కాబట్టి. తుంటి విరిగిన పెద్దవాళ్ళకి వీలైనంత త్వరగా ఆపరేషన్ చేయాలి, బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలైతే చేర్చిన రోజు లేదా మరుసటి రోజు చేయమంటాయి. మంచం మీద గడిచే ప్రతి రోజూ న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. డెక్సా మెషిన్ చాలావరకు పెద్ద ఊళ్ళలోనే ఉంటుంది. విరిగిన కాలితో మనిషిని ఆ టేబుల్ మీదకి మార్చడమే నరకం, పైగా విరిగిన వైపు కొలవడం కుదరదు. ఇంత కష్టపడి చేయించినా వచ్చేది టీ-స్కోర్ అనే ఒక అంకె. అది −2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే బోలు ఎముకల వ్యాధి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన హద్దు. జబ్బు గుర్తించడానికి అది మంచి అంకె. కానీ తొడ ఎముక లోపలి గొట్టం ఎంత వెడల్పుంది, ఏ సైజు స్టెమ్ (కృత్రిమ బాల్‌ని మోసే లోహపు కాడ) కూర్చుంటుంది, స్క్రూ ఎక్కడ పట్టుకుంటుంది అన్నది ఆ అంకెలో ఉండదు.

ఎక్స్‌రే మాత్రం ఎలాగూ తీస్తారు. కటి ఎక్స్‌రే ఒక్కటి తీస్తే రెండు తుంట్లూ పడతాయి, విరగని వైపు చూసి లెక్క వేసుకోవచ్చు. అదనంగా ఖర్చు లేదు, పేషెంట్‌ని కదిలించే పని లేదు.

ఎక్స్‌రేలో అసలు ఏం చూస్తారు?

రెండు చూస్తారు. ఒకటి ఎముక బయటి గోడ మందం. తొడ ఎముక లోపల మూలుగ ఉండే గొట్టం, చుట్టూ గట్టి గోడ ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ, ముఖ్యంగా ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోయాక, ఈ గోడ లోపలివైపు నుంచి అరుగుతుంది. గొట్టం వెడల్పవుతుంది, గోడ పల్చబడుతుంది. ఎక్స్‌రేలో గోడ రెండు తెల్లటి పట్టీల్లా కనిపిస్తుంది కాబట్టి స్కేలు పెట్టి కొలవచ్చు.

రెండోది తుంటి దగ్గర ఎముక లోపల ఉండే సన్నటి గీతలు. శరీరం బరువు ఏ దారిలో దిగుతుందో ఆ దారిలోనే ఈ గీతలు ఏర్పడతాయి: తుంటి బాల్ నుంచి కిందికి నిలువుగా దిగేవి కొన్ని, మెడ (బాల్‌ని తొడ ఎముకకి కలిపే సన్నటి భాగం) పైభాగం మీదుగా వంపు తిరిగేవి కొన్ని. ఎముక బలహీనపడినప్పుడు ఇవన్నీ ఒకేసారి పోవు, ఒక వరసలో మాయమవుతాయి. తక్కువ బరువు మోసేవి ముందు పోతాయి, ఎక్కువ మోసేవి చివరిదాకా నిలబడతాయి. అందుకే ఏ గీతలు మిగిలాయో చూస్తే నష్టం ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

ఫిల్మ్‌లో ఎముక నల్లగా, పల్చగా కనిపిస్తోంది. గుల్లబారినట్టేనా?

రంగు చూసి చెప్పకూడదు. ఎక్స్‌రే తీసినప్పుడు కరెంటు డోసు ఎంత పెట్టారు, పేషెంట్ లావుగా ఉన్నారా సన్నగా ఉన్నారా అన్న వాటిని బట్టి అదే ఎముక తెల్లగానూ కనిపిస్తుంది, నల్లగానూ కనిపిస్తుంది. ఇప్పుడు డిజిటల్ ఎక్స్‌రేలు వచ్చాక కంప్యూటర్ తనంతట తానే బ్రైట్‌నెస్ సరిచేసేస్తుంది కాబట్టి రంగు మీద ఇంకా నమ్మకం పెట్టుకోలేం. మందం, ఆకారం, గీతలు నమ్మదగినవి.

ఇంకో సంగతి, ఎముకలోని ఖనిజం దాదాపు 30 నుంచి 40 శాతం పోతేగానీ మామూలు ఎక్స్‌రేలో కంటికి ఆనదు. రిపోర్టులో "ఎముకలు మామూలుగా ఉన్నాయి" అని రాసినంత మాత్రాన బలంగా ఉన్నట్టు కాదు. ఎక్స్‌రేలో బలహీనత కనిపిస్తే మాత్రం అది చిన్న బలహీనత అయి ఉండదు.

సింగ్ ఇండెక్స్ అంటే ఏమిటి?

ఇందాక చెప్పిన గీతల వరస చూసి 6 నుంచి 1 వరకు గ్రేడ్ వేసే పద్ధతి. సింగ్, నాగ్రత్, మైనీ అనే ముగ్గురు వైద్యులు 1970లో దీన్ని ప్రచురించారు. అన్ని గీతలూ స్పష్టంగా ఉంటే 6. మెడ పైభాగం మీదుగా వంపు తిరిగే ముఖ్యమైన గీతలు గ్రేటర్ ట్రొకాంటర్‌కి (తొడ ఎముక పైన బయటివైపు ఉండే పెద్ద గుబ్బ) ఎదురుగా తెగిపోతే 3, అక్కడి నుంచి కిందికి బోలు ఎముకల వ్యాధి ఖాయంగా ఉన్నట్టు లెక్క. నిలువు గీతలు కూడా పల్చబడితే 1.

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, తుంటి ఎముక లోపల బరువు ఎలా ప్రయాణిస్తుందో కళ్ళకి కడుతుంది. కానీ ఇద్దరు డాక్టర్లకి ఒకే ఫిల్మ్ ఇస్తే ఇద్దరూ ఒకే గ్రేడ్ వేస్తారన్న గ్యారంటీ లేదు, అదే డాక్టర్‌కి నెల తర్వాత మళ్ళీ చూపిస్తే వేరే గ్రేడ్ వేసే అవకాశమూ ఉంది. అందుకని దీని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోరు. నా సలహా, 5 వేయాలా 4 వేయాలా అని తలపట్టుకోవద్దు. ఆ వంపు గీత తెగిందా లేదా అన్న ఒక్కటే గట్టిగా చూసుకుంటే చాలు.

అంకెల్లో కొలిచే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది, తుంటికి ఎక్కువగా వాడేది కార్టికల్ థిక్‌నెస్ ఇండెక్స్. లెస్సర్ ట్రొకాంటర్ (తొడ ఎముక లోపలివైపు ఉండే చిన్న గుబ్బ) మధ్య నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి అక్కడ ఎముక మొత్తం వెడల్పు, లోపలి గొట్టం వెడల్పు కొలుస్తారు. మొత్తంలోంచి గొట్టాన్ని తీసేసి, వచ్చినదాన్ని మళ్ళీ మొత్తంతో భాగిస్తారు. ఉదాహరణకి ఎముక వెడల్పు 30 మిల్లీమీటర్లు, గొట్టం 15 అయితే ఇండెక్స్ 0.50. ఎముక 32, గొట్టం 20 అయితే 12ని 32తో భాగిస్తే 0.37 చిల్లర, ఇక్కడ గోడ బాగా పల్చబడిందని అర్థం.

ఇది నిష్పత్తి కావడమే దీనిలోని మంచి గుణం. ఎక్స్‌రేలో ఎముక అసలు సైజు కంటే సాధారణంగా 10 నుంచి 20 శాతం పెద్దదిగా పడుతుంది, కానీ పైనా కిందా అంతే పెరుగుతుంది కాబట్టి భాగించేసరికి ఆ తేడా పోతుంది. అదే మిల్లీమీటర్లలో మందం కావాలంటే మాత్రం పక్కన 25 మిల్లీమీటర్ల లోహపు గుండు పెట్టి ఎక్స్‌రే తీసి దాంతో సరిచేసుకోవాలి.

డాక్టర్లు "టైప్ సీ" అనుకుంటున్నారు. అదేంటి?

డార్ వర్గీకరణ, అమెరికాలో తుంటి మార్పిడి సర్జన్ లారెన్స్ డార్, ఆయన బృందం 1993లో ఇచ్చింది. తొడ ఎముక పైభాగం ఆకారాన్ని బట్టి మూడు రకాలు. టైప్ ఏలో గోడలు మందంగా ఉంటాయి, లోపలి గొట్టం పైన వెడల్పుగా మొదలై కిందికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. టైప్ సీలో గోడలు పల్చగా ఉండి గొట్టం పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో ఉంటుంది. మధ్యలో టైప్ బీ. ఇందాకటి ఇండెక్స్‌తో చూస్తే సగటున ఏకి సుమారు 0.58, బీకి 0.50, సీకి 0.42 వచ్చాయి. వయసు మళ్ళిన, బరువు తక్కువ ఉన్న ఆడవాళ్ళలో సీ ఎక్కువ. మీ అమ్మమ్మకి టైప్ సీ అన్నారంటే బాల్ మార్చేటప్పుడు స్టెమ్‌ని ఎముకలో పట్టి ఉంచడానికి సిమెంట్ వాడే ఆలోచనలో ఉన్నారని అర్థం చేసుకోవచ్చు.

భుజం, మణికట్టు విరిగినప్పుడు కూడా ఇలా కొలుస్తారా?

కొలుస్తారు. భుజానికి రెండు కొలతలు బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిది టింగార్ట్ బృందం 2003లో ఇచ్చింది. చేతి ఎముక పైభాగంలో లోపలి గోడ అంచులు సమాంతరంగా మారే చోట ఒకసారి, అక్కడి నుంచి 2 సెంటీమీటర్లు కింద ఇంకోసారి రెండువైపుల గోడల మందం కలిపి కొలిచి సగటు తీస్తారు. 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎముక సాంద్రత తక్కువని లెక్క. రెండోది డెల్టాయిడ్ ట్యూబరాసిటీ ఇండెక్స్, చేతి ఎముక బయటివైపు భుజం కండరం అతుక్కునే గుబ్బకి సరిగ్గా పైన బయటి వెడల్పుని లోపలి గొట్టం వెడల్పుతో భాగిస్తారు, 1.4 కంటే తక్కువైతే అనుమానించాలి. రెండోదే నాకు ఇష్టం, నిష్పత్తి కాబట్టి.

మణికట్టు విరిగినవాళ్ళకి చేతి ఎక్స్‌రేలో చూపుడువేలి వెనక అరచేతిలో ఉండే ఎముక చూస్తే సరిపోతుంది. దాని నడుమ భాగంలో వెడల్పు మొత్తంలో గోడల వాటా 60 శాతం కంటే తక్కువుంటే డెక్సాకి పంపడం మంచిది, 50 కంటే తక్కువైతే బోలు ఎముకల వ్యాధే అని గట్టిగా అనుమానించాలి. చేతి ఎముకల గోడ కొలిచి బలం అంచనా వేయడం 1960లో బార్నెట్, నార్డిన్ కాలం నుంచీ ఉన్న పనే.

ఈ కొలతలు ఎక్కడ తప్పుతాయి?

కాలు తిప్పి పడుకోబెట్టడంలో ఎక్కువగా తప్పుతాయి. తుంటి విరిగితే కాలు దానంతటదే బయటికి తిరిగిపోతుంది, నొప్పికి మంచి వైపు కాలు కూడా నిటారుగా పెట్టరు. కాలు తిరిగితే లెస్సర్ ట్రొకాంటర్ పెద్దదిగా కనిపిస్తుంది, మెడ పొట్టిగా కనిపిస్తుంది, గోడ మందం మారిపోతుంది. మంచి వైపు కాలి వేళ్ళు కాస్త లోపలికి, 15 డిగ్రీల దాకా తిప్పి తీస్తే ఫిల్మ్ కొలవడానికి పనికొస్తుంది. ఎక్స్‌రే టెక్నీషియన్‌కి ముందే ఒక మాట చెబితే అయ్యే పని, ఆ ఒక్క మాట చెప్పరు, తర్వాత అరగంట సేపు పనికిరాని ఫిల్మ్ మీద గీతలు గీస్తూ కూర్చుంటారు.

ఇంకా పక్షవాతం వచ్చిన వైపు ఎముక, ఏళ్ళ తరబడి వాడని కాలి ఎముక మిగతావాటి కంటే పల్చగా ఉంటాయి, వాటిని చూసి ఒళ్ళంతా అలాగే ఉందనుకోకూడదు. కటి ఎక్స్‌రేలో చాలాసార్లు తొడ ఎముక 10 సెంటీమీటర్ల కిందిదాకా పడనే పడదు, కొంచెం కిందికి దించి తీయించాలి.

ఎముక తెల్లగా, మందంగా ఉంటే బలంగా ఉన్నట్టేనా?

ఇది మన దగ్గర తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. నల్గొండ వైపు గానీ ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి వైపు గానీ ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగినవాళ్ళ ఎక్స్‌రే చూడండి, వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్ద పూసినంత తెల్లగా ఉంటాయి. అది ఫ్లోరోసిస్. మద్రాస్ ప్రెసిడెన్సీలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ ఎముకలో ఖనిజం ఎక్కువే, కానీ నాణ్యత లేదు, పెళుసుగా ఉంటుంది. డ్రిల్ దిగడానికి మొరాయిస్తుంది, ఉన్నట్టుండి పగులుతుంది. డెక్సాలో కూడా స్కోర్ బ్రహ్మాండంగా వస్తుంది, అదీ మోసమే. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ సంగతి గుర్తుకు రావాలి. పేషెంట్ ఏ ఊరివాళ్ళో, ఏ నీళ్ళు తాగారో అడగడం ఈ అంచనాలో భాగమే.

ఇంకొకటి, బోలు ఎముకల వ్యాధికి అలెండ్రోనేట్ లాంటి మాత్రలు చాలా ఏళ్ళు వాడినవాళ్ళలో అరుదుగా తొడ ఎముక బయటివైపు గోడ ఒకచోట ఉబ్బి ముక్కులా పొడుచుకొస్తుంది. గోడ మందంగా ఉంది కదా అని సంతోషిస్తే పొరపాటే, అక్కడే అడ్డంగా విరుగుతుంది. అలా విరిగినట్టు కనిపిస్తే రెండో తొడ కూడా మొత్తం ఎక్స్‌రే తీయించాలి, చాలామందిలో రెండువైపులా ఉంటుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళది మరో లెక్క. ఉద్దానం లాంటి చోట్ల నుంచి వచ్చే పేషెంట్లకి కిడ్నీ వల్ల ఎముక మెత్తబడిందా, పారాథైరాయిడ్ వల్ల అరిగిందా అన్నది ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చడం కుదరదు. క్రియాటినిన్, కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కావాలి.

ఎముక బలహీనంగా ఉందని ముందే తెలిస్తే ఆపరేషన్‌లో ఏం మారుతుంది?

చాలా మారుతుంది. కొత్త సిమెంట్ గోడలో స్క్రూ బిగిస్తే పట్టుకుంటుంది, పాత మట్టి గోడలో అదే స్క్రూ గుండ్రంగా తిరుగుతూ ఊడొస్తుంది. బలహీనమైన ఎముకలో మామూలు ప్లేట్ కంటే స్క్రూ తల ప్లేట్‌కే బిగుసుకునే లాకింగ్ ప్లేట్ మేలు. ట్రొకాంటర్ దగ్గర విరిగితే రాడ్ వేసేటప్పుడు తుంటి బాల్‌లోకి మామూలు స్క్రూ బదులు మెలితిరిగిన బ్లేడ్ వాడే సర్జన్లు ఉన్నారు, అది ఎముకని తవ్వి తీయకుండా పక్కకి నొక్కుకుంటూ వెళ్తుంది. భుజం విషయంలో ప్లేట్ వేయాలా, కీలు మార్చాలా, చేతిని స్లింగ్‌లో ఉంచి వదిలేయాలా అన్న నిర్ణయం కూడా గోడ మందం చూశాక మారవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎముక ఎంత గుల్లగా ఉన్నా స్క్రూ సరైన చోట పడటం అంతకంటే ముఖ్యం. తుంటి బాల్ కొస నుంచి స్క్రూ మొన ఎంత దూరంలో ఉందో రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలని 1995లో బామ్‌గార్ట్నర్ బృందం చూపించింది, ఆ లోపు ఉంటే స్క్రూ ఎముకని చీల్చుకుని బయటికి రావడం చాలా అరుదు. తర్వాత స్క్రూ ఊడితే "ఎముక బాలేదు" అని పేషెంట్ ఎముక మీదకి నెట్టేసే ముందు ఆ దూరం కొలిచి చూడాలి.

సిమెంట్ వేస్తామంటే టెన్షన్‌గా ఉంది. ప్రమాదమా?

సిమెంట్ నింపే సమయంలో కొందరికి బీపీ, ఆక్సిజన్ పడిపోతాయి, అది నిజమే. మత్తు డాక్టర్ దానికి సిద్ధంగానే ఉంటారు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే ముందే చెప్పాలి. అయితే పల్చటి ఎముకలో సిమెంట్ లేకుండా స్టెమ్ బిగించి కొడితే ఎముక చీలే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో 60 ఏళ్ళు దాటిన 1225 మందితో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో స్టెమ్ చుట్టూ ఎముక విరగడం సిమెంట్ వేసినవాళ్ళలో 0.5 శాతం, వేయనివాళ్ళలో 2.1 శాతం. పెద్దవాళ్ళ తుంటి మెడ విరిగి బాల్ మారుస్తుంటే, చాలామందికి సిమెంటే మంచిదని నా అభిప్రాయం కూడా.

సీటీ స్కాన్ కూడా తీశారు. దానిలో తెలుస్తుందా?

ఎక్స్‌రే కంటే బాగా తెలుస్తుంది. వేరే కారణానికి పొట్ట సీటీ ఇంతకుముందే తీసి ఉంటే నడుము మొదటి పూస లోపల హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత చూపే అంకె) చూడమనండి. 110 కంటే తక్కువ ఉంటే బోలు ఎముకల వ్యాధి ఉండే అవకాశం ఎక్కువ, 160 దాటితే తక్కువ. మందు ఎక్కించి తీసిన సీటీ అయితే అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఇందుకోసమని కొత్తగా సీటీ తీయించక్కర్లేదు.

ఎక్స్‌రే ఫొటో వాట్సాప్‌లో పంపితే ఎముక బలం చెప్పగలరా?

ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని తీసిన ఫొటోలో విరిగిందా లేదా అన్నది చెప్పొచ్చేమో గానీ ఎముక బలం చెప్పడం సరికాదు. వంకరగా తీసిన ఫొటోలో నిష్పత్తులు కూడా మారతాయి. ఆసుపత్రిలో సీడీ గానీ లింక్ గానీ అడిగి తీసుకోండి, అసలు ఫైల్‌లో కొలతలు తీయొచ్చు.

కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు ఎక్స్‌రే చూసి సాంద్రత చెప్పేస్తున్నాయట?

మామూలు ఎక్స్‌రే నుంచి డెక్సా స్కోర్ అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్‌లు వచ్చాయి. పడిపోకముందే జబ్బు ఉన్నవాళ్ళని ఏరిపట్టుకోవడానికి వీటి వల్ల మేలు జరుగుతుందని నమ్ముతున్నాను. ఎవరి ఎక్స్‌రేలతో నేర్పారన్నది మాత్రం చూడాలి, ఫ్లోరోసిస్ ఎముకలు ఎప్పుడూ చూడని ప్రోగ్రామ్ నల్గొండ పేషెంట్‌కి ఏం చెబుతుందో ఆలోచించండి.

మగవాళ్ళకి కూడా బోలు ఎముకల వ్యాధి వస్తుందా?

వస్తుంది. పొగ, మందు అలవాటు, ఆస్తమాకో మోకాళ్ళ నొప్పులకో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడటం ముఖ్య కారణాలు. పేరు తెలియని నొప్పి పొడులు, ఊళ్ళో వేయించుకునే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉండొచ్చు, డాక్టర్ దగ్గర దాచకండి. 50 దాటిన నాన్న చిన్నగా జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే అమ్మకి చేయించే పరీక్షలన్నీ ఆయనకీ చేయించాలి.

ఎక్స్‌రేలో ఎముక పర్వాలేదన్నారు, ఆపరేషన్ కూడా బాగా అయింది. ఇంక మందులు అవసరం లేదు కదా?

అవసరమే. ఇంత పెద్ద పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే ఎక్స్‌రే ఎలా ఉన్నా, డెక్సా ఎంత వచ్చినా ఆ ఎముక బలహీనమైనదే, అలా విరగడమే రోగ నిర్ధారణ. రాడ్ వేసి, కుట్లు తీసి, కాల్షియం మాత్రలు రాసి ఇంటికి పంపేస్తే సగం వైద్యమే అయినట్టు. ఇలాంటి మనిషికి రెండో తుంటో, వెన్నుపూసో విరిగే ప్రమాదం మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ. డిశ్చార్జ్ కాగితం మీద "తుంటి ఫ్రాక్చర్, ఆపరేషన్ చేయబడింది" అని మాత్రమే ఉంటే "బోలు ఎముకల వ్యాధి" అన్న మాట కూడా రాయమని అడగండి. అది రాసి ఉంటేనే తర్వాత చూసే డాక్టర్ దానికి మందు మొదలుపెడతారు.

ఆ మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి? విరిగిన ఎముక అతకడానికి అడ్డం రావా?

అతకడానికి అడ్డం వస్తాయనడానికి ఆధారం లేదు. ముందు విటమిన్ డి, కాల్షియం సరిచేస్తారు. తర్వాత ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం బాగా పరిశీలించిన మందు: తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు ఇచ్చినవాళ్ళలో కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో వచ్చింది. ఆపరేషన్ అయిన రెండు వారాల తర్వాత ఇవ్వడం మంచిది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఇది ఇవ్వకూడదు, పళ్ళు పీకించే పని ఉంటే ముందే ముగించుకోవాలి. ఎముక మరీ బలహీనంగా ఉంటే టెరిపారటైడ్ అనే రోజువారీ ఇంజెక్షన్ గురించి అడగొచ్చు. డెక్సా ఆపరేషన్ అయ్యాక చేయించండి, మంచి వైపు తుంటికి. పెద్దవాళ్ళకి నడుము డెక్సా ఒక్కటే చూస్తే వెన్నులో పెరిగిన ఎముక వల్ల అంకె బాగున్నట్టు చూపించి తప్పుదారి పట్టిస్తుంది, తుంటి కుదరకపోతే ముంజేతికి కూడా చేస్తారు.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌ని మేము ఏం అడగాలి?

ఎముక బలం చూశారా, ఏం తేలింది, దానివల్ల ఏ ఇంప్లాంట్ ఎంచుకున్నారు, సిమెంట్ వాడతారా, మర్నాటి నుంచి బరువు వేసి నడవొచ్చా అని అడగండి. ఇంట్లో పాత ఎక్స్‌రేలు ఉంటే, అవి ఐదేళ్ళ కిందటివైనా సరే, తీసుకెళ్ళండి. విరగకముందు అదే తుంటి ఎలా ఉండేదో వాటిలో కనిపిస్తుంది. వాడుతున్న మందుల చీటీలన్నీ కూడా పట్టుకెళ్ళండి, ముఖ్యంగా స్టెరాయిడ్లు, ఫిట్స్ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు.